పాచికలనుండి పాఠశాలకు
(సంభావ్యతాగణితము నడచివచ్చిన త్రోవ)



కొంతకాలము క్రిందట మా గ్రామమందలి పెద్దలొకరు నన్ను రచ్చబండకడ నిలిపి, కొంచెము కినుకతోనే యొక ప్రశ్న వేసిరి. "పంతులుగారూ, తాము ముప్పదియేండ్లు లెక్కలు చెప్పినవారు గదా! మా మనుమడు బడినుండి వచ్చి పాచికలు కొనిపెట్టుమనుచున్నాడు. ఎందుకురా యన్న లెక్కలపాఠమునకట! రూపాయిబిళ్ల నెగురవేసి బొమ్మ పడినదో బొరుసు పడినదో వ్రాసికొని రమ్మన్నారట! మా తండ్రిగారు జూదరియైనవానిని మా యరుగెక్కనిచ్చెడివారు కారు. ఇప్పుడు బడిలోనే జూదము నేర్పుచున్నారా?" అని.

ఆ ప్రశ్నలో కోపమున్నది. కోపముకంటె నెక్కువగా భయమున్నది. ఆ భయమునకు కారణము నే నెఱుగుదును. వారి తమ్ముడు అంకెల పందెములలో దిగి, రెండెకరముల మాగాణి పోగొట్టుకొనెను. కావున నేను నవ్వి త్రోసివేయక, ఆ సాయంకాలము వారి యరుగుమీదనే కూర్చుండి సమాధానము చెప్పితిని. నాడు వారికి చెప్పినదానినే కొంత క్రమపఱచి నేడు మీకు మనవి చేయుచున్నాను.

ఆ పాఠము పేరు సంభావ్యత. జరుగునో జరుగదో ముందుగా తెలియని సంగతికి ఎంతపాలు అవకాశమున్నదో కొలిచి చెప్పుట దీని పని. వడ్లను కొలుచుటకు కుంచ మున్నట్లు, పొలమును కొలుచుటకు గొలుసున్నట్లు, సందేహమును కొలుచుటకు గూడ నొక కొలత యున్నదని ఈ శాస్త్రము చెప్పుచున్నది. పదవ తరగతి గణితపుస్తకములో దీనికొక ప్రకరణము కలదు. దీని బీజములు క్రింది తరగతులలోనే నాటుదురు. పదుమూడు, పదునాలుగేండ్ల పిల్లలు నేర్చుకొను ఈ కొలత మానవునకు లభించుటకు వేలయేండ్లు పట్టినది. ఆ కథ వినదగినది.

పాచికలు మనకు క్రొత్తవి కావు. సింధునదీ తీరమున మొహంజొదారో, హరప్పా దిబ్బలను త్రవ్వినపుడు ఆఱు ముఖముల పాచికలు దొరకినవి. ఋగ్వేదము పదవ మండలమున జూదరి దుఃఖమును గూర్చిన సూక్తమొకటి కలదు. ధర్మరాజు కథ చెప్పనక్కఱలేదు. అయితే ఆ భారతమందే, నన్నయగారు తెనిగించిన యరణ్యపర్వమున, నలోపాఖ్యానములో మన విషయమునకు దగ్గఱగానుండు ఘట్టమొకటి యున్నది. నలుడు పుష్కరునితో నాడి రాజ్యము గోల్పోయి, బాహుకుడను పేర ఋతుపర్ణుని సారథియై రథము తోలుచుండెను. త్రోవలో ఋతుపర్ణుడొక తాండ్రచెట్టును జూచి, దాని ఆకులెన్నియో కాయలెన్నియో చెప్పెను. రెండు కొమ్మలయందు రెండువేల తొంబదియైదు పండ్లున్నవని సంస్కృత భారతము లెక్క. నలుడు నమ్మలేదు. రథము నిలిపి చెట్టును కొట్టి లెక్కించి చూచెను, లెక్క సరిపోయెను. ఈ శక్తి యెట్లు వచ్చినదని యడుగగా, తాను అక్షహృదయ మెఱిగినవాడననియు, సంఖ్యలయందు నేర్పరిననియు ఋతుపర్ణుడు చెప్పెను. నలుడు తన యశ్వహృదయము నిచ్చి యా విద్యను గ్రహించెను. వెంటనే కలి యతని దేహమును విడిచి పోయెను.

ఈ కథలో నన్నాకర్షించునది యొక్కటే. పాచికల మర్మమును, లెక్కించు నేర్పును ఒకే విద్యగా కథకుడు చెప్పుచున్నాడు. ఆ విద్య యెఱుగనపుడు నలుడు రాజ్యము పోగొట్టుకొనెను; ఎఱిగిన పిదప తిరిగి పొందెను. కాని యా హృదయమేమో, దాని సూత్రమేమో కథ చెప్పదు.

సూత్రమునకు కావలసిన సామగ్రి మాత్రము మనయొద్ద సమృద్ధిగా నుండెను. మీలో ఛందస్సు చదివినవారికి గణములు తెలియును. గురువు, లఘువు అను రెండింటిని మూడు స్థానములలో నెన్ని విధముల నుంచవచ్చును? ఎనిమిది విధముల. అవియే మ, య, ర, స, త, జ, భ, న గణములు. మూడును గురువులైనది మగణ మొక్కటి. రెండు గురువులున్నవి య, ర, త గణములు మూడు. ఒక గురువున్నవి భ, జ, స గణములు మూడు. గురువే లేనిది నగణ మొక్కటి. ఇట్లు ఒకటి, మూడు, మూడు, ఒకటి యని వచ్చు సంఖ్యలను వరుసలుగా పేర్చిన మేరుపర్వతమువంటి ఆకార మేర్పడును. పింగళుని ఛందస్సూత్రములకు వ్యాఖ్య వ్రాసిన హలాయుధుడు పదవ శతాబ్దమున దీనిని మేరుప్రస్తారమని వివరించెను.

వైద్యులును ఇట్టి లెక్కయే చేసిరి. ఆఱు రుచులలో ఒకటిగాని, రెండుగాని, అంతకెక్కువగాని కలుపుచు పోయిన నెన్ని భేదములగునని సుశ్రుతసంహిత విచారించి, అఱువదిమూడని తేల్చినది. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున ఇట్టి కూర్పుల నన్నింటికిని చెల్లునట్టి సాధారణసూత్రము చెప్పెను. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఇన్ని విధములని లెక్కించు విద్య యింత బాగుగా నెఱిగియు, ఆ లెక్కను పాచికపై నుంచి యవకాశమును కొలుచు శాస్త్రముగా మనవారు పెంపొందింపలేదు. లెక్క పండితుని చేతను, పాచిక జూదరి చేతను ఉండిపోయినవి.

ఆ రెండును కలిసినది ఐరోపాఖండమున. మొదట చేయి పెట్టినవాడు ఇటలీ దేశస్థుడైన కార్డానో. ఈయన 1501లో పుట్టి 1576లో మరణించెను. వైద్యుడు, గణితవేత్త, జూదవ్యసనమున మునిగినవాడు గూడ. పాచికల యాటను గూర్చి యొక పుస్తకము వ్రాసెనుగాని, అది యాయన పోయిన చాలకాలమునకు 1663లో అచ్చుపడినది. ఆయన పిమ్మట, దూరదర్శినితో నాకాశమును శోధించిన గెలీలియోను జూదరులు ఒక సందేహ మడిగిరి. మూడు పాచికలు వేసినపుడు తొమ్మిది వచ్చుటకు ఆఱు కూర్పులు, పది వచ్చుటకును ఆఱు కూర్పులే. అయినను పది కొంచెము తఱచుగా వచ్చుచున్నదేల? అని. గెలీలియో యిట్లు తేల్చెను: మూడు మూడు మూడు అను కూర్పు ఒక్క విధముననే పడును, ఒకటి రెండు ఆఱు అనునది ఏ పాచికపై నేది పడినదను భేదముచేత ఆఱు విధముల పడును. అన్నియు నిట్లు లెక్కించిన, రెండువందల పదునాఱు విధములలో తొమ్మిది ఇరువదియైదింటను, పది ఇరువదియేడింటను వచ్చును. ఇంత స్వల్పభేదమును జూదరులు చిరకాలపు టనుభవముచేత కనిపెట్టిరి. కారణమును చెప్పగలిగినది మాత్రము గణితము.

ఇక 1654వ సంవత్సరము. ఈ శాస్త్రమునకు జన్మసంవత్సరముగా చెప్పబడునది యిదియే. ఇది పుట్టినది జూదము గెలుచుటకు కాదు, ఒక తగవు న్యాయముగా తీర్చుటకని మీరు గమనింపవలెను. ఆ తగవును మన గ్రామపు మాటలలో చెప్పెదను. ఇద్దఱు సమానమైన నేర్పుగలవారు చెఱి ముప్పదిరెండు నాణెములు నడుమ నుంచి, ముందుగా మూడాటలు గెలిచినవాడు మొత్తము అఱువదినాలుగును తీసికొనునట్లు ఒప్పుకొనిరి. మొదటివాడు రెండు గెలిచెను, రెండవవాడొకటి గెలిచెను. ఇంతలో నాట నిలిచిపోయెను. నడుమనున్న సొమ్ము ఎట్లు పంచవలెను?

పెద్దమనుష్యులు పలువురు పలురీతుల చెప్పుదురు. గెలిచిన యాటలనుబట్టి రెండుపాళ్లు వానికి, ఒకపాలు వీనికి ననువారుందురు. ఇటలీలో పాచియోలీ యను పండితుడు 1494లో అచ్చొత్తించిన గ్రంథమున అట్టి పద్ధతినే చెప్పెను. చూచుటకు న్యాయముగానే యున్నది. కాని ముందుగా నూఱాటలు గెలువవలెనను పందెములో ఒకడొకటి గెలిచి, రెండవవాడేమియు గెలువక మునుపే యాట నిలిచిన, ఈ పద్ధతిచేత సొమ్మంతయు మొదటివానికే పోవును. అది యెవరికి సమ్మతము?

ఈ ప్రశ్న పారిసు నగరమున పాస్కలు అను యువకుని యొద్దకు వచ్చెను. ఆయన వయస్సు ముప్పదియొకటి. ఆయన దానిని టులూజు నగరమున న్యాయస్థానమున పదవియందున్న ఫెర్మా యనువానికి వ్రాసెను. ఇరువురి నడుమ ఆ యేట ఉత్తరములు నడచినవి. పాస్కలు చెప్పిన సమాధానము చూడుడు. జరిగిపోయినదానిని కాదు, జరుగవలసియున్నదానిని లెక్కింపవలెను. మఱియొక యాట యాడినచో, మొదటివాడు గెలిచిన అఱువదినాలుగును వానివే. ఓడిన ఇద్దఱును సమానులగుదురు గావున ముప్పదిరెండు వానికి వచ్చును. అనగా గెలిచినను ఓడినను ముప్పదిరెండు వానికి ఖాయము. సందేహమున్నది తక్కిన ముప్పదిరెండింటిని గూర్చియే. దానియందిరువురకును సమానావకాశము గావున చెఱిసగము. కాబట్టి మొదటివానికి నలువదియెనిమిది, రెండవవానికి పదునాఱు.

ఫెర్మా వేఱొక త్రోవను పోయెను. ఇక రెండాటలలో తగవు తప్పక తేలును. ఆ రెండాటలు నాలుగు విధముల జరుగవచ్చును. మొదటివాని గెలుపును గురువనియు, ఓటమిని లఘువనియు మనము వ్రాసికొందము: గురువు గురువు, గురువు లఘువు, లఘువు గురువు, లఘువు లఘువు. మొదటి మూడింటను మొదటివాడే నెగ్గును, కడపటిదానియందే రెండవవాడు. మూడుపాళ్లు వానికి, ఒకపాలు వీనికి. నలువదియెనిమిది, పదునాఱు. త్రోవలు రెండు, ఫలమొక్కటి. పాస్కలు ఈ లెక్కలకై యొక సంఖ్యాత్రిభుజమును గూర్చి గ్రంథము వ్రాసెను. అది యాయన మరణానంతరము 1665లో వెలువడినది. ఆ త్రిభుజము మన మేరుప్రస్తారమే.

ఇక్కడ నాయనుభవ మొకటి చెప్పవలెను. తరగతిలో నేనీ పాఠము చెప్పునపుడు పిల్లలను మొదట నడుగునది యిది: "రూపాయిబిళ్లను రెండుమాఱు లెగురవేసిన, ఒక్కసారియైనను బొమ్మ పడుట కెంత యవకాశము?" చుఱుకైన పిల్లలు వెంటనే యిట్లందురు: "మొదటనే బొమ్మ పడవచ్చును; లేదా రెండవసారి పడవచ్చును; లేదా అసలు పడకపోవచ్చును. మూడింట రెండు." వినుటకు సరియనిపించును. కాని తప్పు. ఆ మూడును సమానములు కావు. ఫెర్మావలె నాలుగు విధములను వ్రాసి చూచిన నాలుగింట మూడని తేలును. ఆ పిల్లలను నేను కోపపడలేదు. ఏలనన ఫ్రాన్సుదేశపు మహాపండితుడైన దలాంబేరు 1754లో విజ్ఞానసర్వస్వమున సరిగా ఈ తప్పునే వ్రాసి అచ్చొత్తించెను. ఈ శాస్త్రమున మన మనస్సు తనంతట తాను సరియైన త్రోవను పోదు. ఎంతటి బుద్ధిమంతునికైనను నేర్పవలసినదే. అందుకే దీనిని చిన్నతనముననే నేర్పవలెనని నా నమ్మకము.

శాస్త్రమును ఇంకొక మెట్టు పైకి నడపినవాడు స్విట్జర్లాండుదేశపు జాకబు బెర్నూలీ. ఆయన 1705లో మరణించెను. గ్రంథము 1713లో ఆయన యన్నదమ్ముల బిడ్డ ప్రకటించెను. ఆయన కనుగొన్నదేమనగా, ఒక్కమాఱు ఏమి పడునో చెప్పలేకపోయినను, వేలమాఱులలో బొమ్మ యెన్నిపాళ్లు పడునో చాలవఱకు చెప్పవచ్చును. ప్రయోగములు పెరిగినకొలది ఆ పాలు సగమునకు దగ్గఱగుచుండును. దీనికి మంచి తార్కాణ మొకటి కలదు. కెరిచ్చి యను గణితోపాధ్యాయుడు దక్షిణాఫ్రికానుండి డెన్మార్కునకు పోయియుండగా 1940లో జర్మనులు ఆ దేశమును ఆక్రమించిరి. ఆయనను నిర్బంధశిబిరమున నుంచిరి. అక్కడ నాయన యొక నాణెమును పదివేలమాఱు లెగురవేయించి ప్రతి ఫలమును వ్రాసెను. బొమ్మ పడినది 5,067 మాఱులు. చెఱలోనున్నవానికి కాలక్షేపమువలె కనబడును గాని, ఆ పట్టికను నేటికిని ఉపాధ్యాయులు పాఠములలో జెప్పుచున్నారు.

నా తరగతిలో పిల్లలొక్కొక్కరు పదేసిమాఱు లెగురవేసిరి. ఒకనికి ఎనిమిది బొమ్మలు పడెను. ఒక బాలికకు మూడే పడెను. అందఱి లెక్కలును నల్లబల్లమీద కూడగా సగమునకు దాపున నిలిచెను. ఆ నడుమ నొక పిల్లవానికి వరుసగా ఆఱు బొరుసులు పడెను. వాడు లేచి, "ఈమాఱు బొమ్మ తప్పదండి! బొరుసులన్నియు నైపోయినవి!" అని యఱచెను. నేను వానిని దగ్గఱకు పిలిచి, "బిళ్లకు వెనుకటి జ్ఞాపక మున్నదా నాయనా?" అని యడిగితిని. వాడు బిళ్లను త్రిప్పి త్రిప్పి చూచి, "లేదండి" యనెను. "మఱి ఆఱు బొరుసులు పడినవని దానికెవరు చెప్పిరి?" తరగతియంతయు నవ్వెను. వానికి మాత్రము నవ్వు రాలేదు. వాడు నిజముగా ఆలోచనలో పడెను.

అట్లయిన వేలమాఱులలో సగమునకు దగ్గఱయగుట యెట్లని మీ రడుగవచ్చును. మొదట పడిన హెచ్చును పిమ్మట నెవరును తీర్చరు. బిందెడు నీటిలో గుప్పెడుప్పు వేసిన ఉప్పదనము తెలియును. ఆ నీటినే చెఱువులో కలిపిన తెలియదు. ఉప్పును తీసివేసినవారు లేరు. నీరు పెరిగినది, అంతే.

నేనిది చెప్పుచుండగా ఆ పెద్దలు, నాడు అరుగుమీద, చాలసేపు మాటాడలేదు. తుదకు మెల్లగా, "మా తమ్ముడు సరిగా ఆ పిల్లవాడన్న మాటయే యనెడివాడు. ఈ అంకె పదిదినములుగా రాలేదు, రేపు తప్పక వచ్చునని. ఆ మాటమీదనే రెండవ యెకరము వ్రాసియిచ్చెను" అనిరి.

నేను వారికి మఱియొక లెక్క చూపితిని. 1657లో హాలెండుదేశపు హైగెన్సు ఈ శాస్త్రమున చిన్నగ్రంథము వ్రాసి, ఒక పందెము యొక్క విలువ యెంతయో కట్టు రీతిని చెప్పెను. సున్న మొదలు తొమ్మిదివఱకు పది యంకెలు. ఒకదానిపై రూపాయి యొడ్డి, అది తగిలిన తొమ్మిది రూపాయలిత్తురనుకొందము. మోసమే లేదనుకొందము. అయినను పదిమాఱులాడినవాడు సగటున నొకమాఱు గెలుచును. ఇచ్చినది పది, పుచ్చుకొన్నది తొమ్మిది. పదింట నొకటి ప్రతిమాఱు పోవుచునేయుండును. వీడు నేడు గెలువవచ్చును, రేపు ఓడవచ్చును. ఆడించువాడు మాత్రము వేలమందితో నాడుచున్నాడు గావున బెర్నూలీ సూత్రము వానిపక్షమున నిలుచును. నేర్పుచేతను, శకునములచేతను, కలలో కనబడిన అంకెలచేతను ఈ లెక్క మాఱదు. జూదము పాపమని మన పెద్దలు వేలయేండ్లుగా చెప్పుచున్నారు. వినినవారు వినిరి, విననివారు వినలేదు. అది నష్టమని పలకమీద వ్రాసి చూపునది ఈ పాఠము. బడిలో పాచిక పట్టించుట జూదము నేర్పుటకు గాక, జూదము నెఱిగి దూరముగా నుండుటకు.

జూదమును విడిచిపెట్టినను ఈ శాస్త్రమునకు పని తక్కువ గాదు. 1662లో లండనులో గ్రాంటు అను వర్తకుడు ఆ నగరపు మరణపట్టికలను పరిశీలించి గ్రంథము వ్రాసెను. 1693లో, తోకచుక్కకు పేరిచ్చిన హేలీ, బ్రెస్లా నగరపు లెక్కలనుబట్టి ఏ వయస్సువారిలో నెందఱు జీవింతురో పట్టిక కట్టెను. ఒక్కని యాయువు నెవరును చెప్పలేరు. వేయిమందిలో నెందఱో చెప్పవచ్చును. జీవితబీమాకు పునాది యిదియే. విత్తుటకు ముందు నూఱు గింజలను తడిగుడ్డలో మూటగట్టి మొలకలు లెక్కించు రైతు చేయునదియు నిదియే. నేడు వాన పడుటకు నూటికి డెబ్బదిపాళ్లు అవకాశమున్నదన్న మాట వినినపుడు, పడకపోయిన నది యబద్ధమని నిందింపక, అట్టి మాట చెప్పిన పదిదినములలో సుమారేడుదినములు పడినదా యని చూడవలెను.

ఋతుపర్ణుడు రెండు కొమ్మల లెక్క చెప్పినట్లు, కొన్ని మడులు కోసి తూచి తాలూకా పంటను అంచనా కట్టుట మీరు చూచియుందురు. ఈ పద్ధతిని మనదేశమున స్థిరపఱచినవారిలో ప్రముఖుడు, 1931లో కలకత్తాయందు భారతీయ గణాంకసంస్థను స్థాపించిన మహలనోబిసుగారు. ఆయనయొద్ద చేరి ఈ శాస్త్రమునకు ప్రపంచమంతట పేరు తెచ్చినవారు మన తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు. 1920లో హడగలిలో జన్మించి, ఆంధ్రవిశ్వవిద్యాలయమున గణితము చదివి కలకత్తాకు పోయిరి. కొద్ది పరిశీలనలనుబట్టి కట్టిన అంచనా యెంతవఱకు సరిగా నుండగలదో, అంతకు మించి యెందుకు సరిగా నుండజాలదో తెలుపు హద్దును 1945లో ప్రకటించిరి. దానికి మూలము తరగతిలో నొక విద్యార్థి వేసిన ప్రశ్నయట. ఆయన నూటరెండేండ్లు జీవించి 2023లో దివంగతులైరి. పిల్లవాడు ప్రశ్న వేసినపుడు పెద్దవారు ఓపికతో వినిన నెంత లాభమో చూడుడు.

కథ ముగింపు చెప్పి సెలవు తీసికొందును. ఆ పెద్దలు మనుమనికి పాచికలు కొనలేదు. వారి యింటిలో అష్టాచెమ్మ యాటకు ఒక వైపు అరగదీసిన చింతపిక్కలుండెను, అవి యిచ్చిరి. రూపాయిబిళ్లకు రెండువైపులును సమానమని ముందే యనుకొనవచ్చును. చింతపిక్కకు అట్లు కాదు. వేసి చూచిననేగాని తెలియదు. బెర్నూలీ చెప్పినది సరిగా నదియే. నెలదినములు తాతయు మనుమడును రాత్రి భోజనానంతరము పిక్కలు వేయుచు, గోడమీద బొగ్గుతో గీతలు గీసికొనిరి. ఒకనాడు తాతగారు నా యింటికి వచ్చి, "పంతులుగారూ, తెలుపును నలుపును సమముగా పడుటలేదు. మావాడు లెక్క కట్టినాడు" అని సంతోషముతో చెప్పిరి. వెళ్లబోవుచు గుమ్మముకడ నిలిచి, "మా తమ్మునికి పదునాలుగవయేట నెవరైన నీపాఠము చెప్పియుండిన బాగుండెడిది" అనిరి.

శ్రోతలారా, మీ యింటి పిల్లవాడు బడినుండి వచ్చి రూపాయిబిళ్ల నడిగినచో కోపపడక యిండు. ప్రక్కన కూర్చుండి లెక్క వ్రాయించుడు.